అరుగుదలతో పోరాడిన డాక్టర్: సర్ జాన్ చార్న్లీ జీవితం



మన ఇళ్లలో పెద్దవాళ్ల కాళ్ల నొప్పుల గురించి మాట వస్తే తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: కీళ్లలో గుజ్జు అరిగిపోయింది. ఆ తర్వాత ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న చర్చ మొదలవుతుంది. లోపల పెట్టేది ఎన్నేళ్లు ఉంటుంది, శరీరం దాన్ని ఒప్పుకుంటుందా, మళ్లీ మార్చాల్సి వస్తుందా అని నానమ్మో తాతయ్యో అడుగుతారు. మన పిల్లలు పక్కనే కూర్చుని ఇదంతా వింటూనే ఉంటారు.

ఈ ప్రశ్నలను మొదటిసారిగా గట్టిగా పట్టుకుని, జవాబు దొరికేదాకా వదలని ఒక డాక్టర్ గురించి ఈ నెల తెలుసుకుందాం. ఆయన పేరు సర్ జాన్ చార్న్లీ. ఇంగ్లండ్ దేశస్థుడు. ఈ రోజు ప్రపంచమంతటా జరుగుతున్న తుంటి కీలు మార్పిడి ఆపరేషన్‌కు దారి వేసింది ఆయనే. మోకాలి కీలు మార్పిడికి కూడా ఆయన పనే పునాది అయింది. పిల్లలకు ఎనిమిదో తరగతిలో చెప్పే ఘర్షణ పాఠం, అంటే ఫ్రిక్షన్, ఒక మనిషి జీవితాన్ని ఎంత దూరం తీసుకువెళ్లగలదో చెప్పడానికి ఆయన కథ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

మందుల షాపు ఇంట్లో పుట్టినవాడు

జాన్ చార్న్లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో బరీ అనే పట్టణంలో పుట్టారు. అది నూలు మిల్లులు, మగ్గాలు, మిషన్ల చప్పుడు ఉన్న ప్రాంతం. నాన్న మందుల షాపు నడిపేవారు. అమ్మ నర్సుగా శిక్షణ పొందారు. జాన్‌కు ఒక చెల్లెలు. చదువు బరీ గ్రామర్ స్కూల్లో సాగింది. 1929లో మాంచెస్టర్‌లో మెడిసిన్‌లో చేరి, 1935లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. మరుసటి ఏడాదే, పాతికేళ్ల వయసులో, సర్జన్లకు ఇచ్చే ఎఫ్.ఆర్.సి.ఎస్. అర్హత సంపాదించారు. ఆ వయసుకు అది చాలా అరుదు.

పరీక్షల్లో ఇంత ముందున్న విద్యార్థికి ఇంకో ఇష్టం కూడా ఉండేది. వస్తువులను చేత్తో తయారు చేయడం. ఇనుము, చెక్క, స్క్రూలు, లేత్ మిషన్ అంటే ఆయనకు ప్రాణం. పెద్ద సర్జన్ అయ్యాక కూడా ఇంట్లో సొంత వర్క్‌షాపు పెట్టుకుని స్వయంగా లేత్ మీద పనిచేసేవారు. బాగా చదివే పిల్లవాడు చేతులతో పనిచేయడం టైమ్ వేస్ట్ అనుకునే తల్లిదండ్రులు మనలో కొందరు ఉంటారు. చార్న్లీ విషయంలో మాత్రం పుస్తకం, పనిముట్టు రెండూ కలిసే నడిచాయి.

యుద్ధంలో నేర్చుకున్నది

1940లో ఆయన సైన్యంలో డాక్టర్‌గా చేరారు. ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి సైనికులను తరలించినప్పుడు ఆ పనిలో ఉన్నారు. తర్వాత ఈజిప్టులోని కైరోకు వెళ్లారు. ఎముకలు విరిగిన సైనికులకు కావలసిన పరికరాలు అక్కడ సరిగా దొరికేవి కావు. చార్న్లీ సైన్యం వర్క్‌షాపుల్లోని మెకానిక్కులతో కలిసి కూర్చుని వాటిని తయారు చేయించారు. విరిగిన కాలితోనే నడవడానికి వీలుగా, సైజు మార్చుకోగల ఊతాన్ని కూడా అప్పుడే రూపొందించారు. ఎముకల డాక్టర్ సగం ఇంజినీర్ అయి ఉండాలన్న ఆయన నమ్మకం అక్కడ గట్టిపడింది.

యుద్ధం ముగిశాక 1946లో ఆజ్‌వెస్ట్రీ అనే ఊళ్లోని పేరున్న ఎముకల ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. అక్కడ ఒక సాహసం చేశారు. మార్పిడి చేసిన ఎముక ముక్క ఎలా అతుక్కుంటుందో తెలుసుకోవాలని, తన సొంత కాలి ఎముక మీదే తోటి డాక్టర్ చేత ఆపరేషన్ చేయించుకున్నారు. అక్కడ ఇన్ఫెక్షన్ వచ్చింది. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఎముకలో ఇన్ఫెక్షన్ చేరితే ఎంత కష్టమో ఆయనకు పుస్తకంలో కాక ఒంటి మీదే తెలిసింది. దీన్ని పిల్లలకు చెప్పేటప్పుడు ఇది అనుకరించవలసిన పని కాదని కూడా చెప్పాలి. కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఇన్ఫెక్షన్ మీద ఆయన చేసిన యుద్ధాన్ని చూస్తే, ఆ నొప్పి ఆయనకు గుర్తుండిపోయిందేమో అనిపిస్తుంది.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్ఫర్మరీలో కన్సల్టెంట్ సర్జన్ అయ్యారు. విరిగిన ఎముకలను కోత లేకుండా సరిచేసే పద్ధతుల మీద 1950లో ఒక పుస్తకం రాశారు. ఎముకల డాక్టర్లు దాన్ని తరాల తరబడి చదివారు. అక్కడితో ఆగినా ఆయన మంచి డాక్టర్‌గా గుర్తుండేవారే. కానీ ఒక పేషెంట్ తుంటి చేసిన చప్పుడు ఆయన దారి మార్చింది.

కిర్రుమన్న తుంటి

తుంటి కీలు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. తొడ ఎముక పై కొన గుండ్రటి బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. మనం మామూలుగా గుజ్జు అనేది దీన్నే. ఆ పొర అరిగితే ఎముకకు ఎముక రాసుకుంటుంది. అప్పుడు అడుగు తీసి అడుగు వేయడమే నరకం.

1950ల నాటికి అరిగిన బంతిని తీసేసి, దాని చోట అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బంతిని పెట్టే ఆపరేషన్ ఫ్రాన్స్ నుంచి ప్రచారంలోకి వచ్చింది. మొదట్లో నొప్పి తగ్గేది. కొన్నాళ్లకు చాలామందిలో అది వదులయ్యేది. అలాంటి ఆపరేషన్ చేయించుకున్న ఒకాయన చార్న్లీ దగ్గరకు వచ్చారు. ఆయన భోజనం దగ్గర ఏదైనా అందుకోవడానికి ముందుకు వంగితే చాలు, తుంటి కిర్రుమని చప్పుడు చేసేది. భార్య ఆ చప్పుడు భరించలేక ఆయనున్న గదిలో ఉండడానికే ఇష్టపడేది కాదట.

వేరే డాక్టర్ అయితే నవ్వి వదిలేసేవారేమో. చార్న్లీ మాత్రం ఆ చప్పుడు ఎందుకొస్తోందని ఆలోచించారు. తలుపు బందు కిర్రుమంటే మనం ఏమంటాం? నూనె లేదు, రాపిడి ఎక్కువగా ఉందంటాం. తుంటిలోనూ అదే జరుగుతోందని ఆయన గ్రహించారు. ప్లాస్టిక్ బంతికీ గిన్నెకూ మధ్య ఘర్షణ ఎక్కువగా ఉంది. మనిషి కదిలిన ప్రతిసారీ ఆ ఘర్షణ బంతి కాడను మెలితిప్పి ఎముకలో వదులు చేస్తోంది. అంటే లోపం ఆపరేషన్ చేసే చేతిలో మాత్రమే లేదు. ఒకదానికొకటి రాసుకునే రెండు ఉపరితలాల్లో ఉంది.

ఆయన సహజమైన కీళ్లలో ఘర్షణ ఎంత ఉంటుందో కొలిచారు. మంచు మీద జారే స్కేటింగ్ బూటు కంటే కూడా కీలు నున్నగా జారుతుందని తేలింది. కీళ్ల మధ్య ఉండే జిగురులాంటి ద్రవం మృదులాస్థి మీద మాత్రమే బాగా పనిచేస్తుందనీ, లోహం మీదా ప్లాస్టిక్ మీదా అంత పనిచేయదనీ ఆయన అభిప్రాయానికి వచ్చారు. కాబట్టి కృత్రిమ కీలుకు నూనె అవసరం లేకుండానే జారే పదార్థం కావాలి.

టెఫ్లాన్ ఇచ్చిన సంతోషం, తెచ్చిన కష్టం

అలాంటి పదార్థం ఒకటి అప్పటికే ఉంది. మన వంటింట్లో నాన్‌స్టిక్ దోసె పెనం మీద ఉండే టెఫ్లాన్. దాని మీద దాదాపు ఏదీ అంటుకోదు, అన్నీ జారిపోతాయి. శరీరంలోని రసాయనాలతో అది చర్య జరపదు. చార్న్లీ టెఫ్లాన్‌తో గిన్నె, స్టెయిన్‌లెస్ స్టీల్‌తో బంతి, కాడ తయారు చేయించారు.

ఇక్కడ ఆయన మరో రెండు ముఖ్యమైన నిర్ణయాలు తీసుకున్నారు.

మొదటిది బంతి సైజు. సహజమైన బంతి దాదాపు 45 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆయన చివరకు ఎంచుకున్న స్టీల్ బంతి 22.225 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. ఎందుకంత చిన్నది? లావు పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పితే ఎక్కువ బలం అందుతుంది, సన్న పిడితో తక్కువ. కీలులోనూ అంతే. బంతి చిన్నదైతే ఘర్షణ గిన్నెను మెలితిప్పే బలం తగ్గుతుంది. పైగా గిన్నె గోడ మందంగా పెట్టుకోవచ్చు. చిన్న బంతి గిన్నెలోంచి జారి బయటికి వచ్చే ప్రమాదం కొంచెం ఎక్కువ. ఆ సంగతి తెలిసే, దానికి తగ్గట్టు ఆపరేషన్ పద్ధతిని మార్చుకున్నారు.

రెండోది సిమెంట్. కాడ ఎముకలో కదలకుండా ఎలా నిలబడాలి? మాంచెస్టర్‌లో దంతవైద్య పదార్థాల మీద పనిచేసే డెన్నిస్ స్మిత్ అనే శాస్త్రవేత్త సలహాతో, కట్టుడు పళ్ల తయారీలో వాడే అక్రిలిక్ ముద్దను చార్న్లీ తీసుకున్నారు. అది జిగురు కాదని ఆయన పదే పదే చెప్పేవారు. గుమ్మం చుట్టూ గోడకూ చెక్కకూ మధ్య సందును మేస్త్రీ ఎలా పూడుస్తాడో, ఈ ముద్ద కూడా ఎముక లోపలి ఎగుడుదిగుడులన్నిటిలోకీ చేరి గట్టిపడుతుంది. బరువు ఒక్కచోట పడకుండా ఎముక అంతటికీ పంచుతుంది.

1958 తర్వాత ఈ ఆపరేషన్లు మొదలయ్యాయి. ఫలితాలు అద్భుతంగా కనిపించాయి. ఏళ్ల తరబడి మంచం దిగలేనివారు లేచి నడిచారు. 1961లో ప్రముఖ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఆయన తన పద్ధతిని వివరించారు. విగన్ పట్టణం దగ్గర రైటింగ్‌టన్ అనే చోట ఒకప్పటి క్షయ ఆసుపత్రి ఉంది. మందులు రావడంతో క్షయ రోగులు తగ్గి అక్కడ పడకలు ఖాళీ అయ్యాయి. అక్కడే చార్న్లీ తుంటి కీళ్ల కోసం ఒక ప్రత్యేక కేంద్రం పెట్టారు.

అప్పుడు పిడుగు పడింది. రెండు మూడేళ్లు గడిచేసరికి పేషెంట్లు ఒక్కొక్కరే నొప్పితో తిరిగి రావడం మొదలుపెట్టారు. ఎక్స్‌రేలో చూస్తే స్టీల్ బంతి టెఫ్లాన్ గిన్నెను తొలుచుకుంటూ పోతోంది. తెరిచి చూస్తే కీలు చుట్టూ జున్నులాంటి ముద్ద. టెఫ్లాన్ బాగా జారుతుంది కానీ బరువు కింద రాపిడికి తట్టుకోలేదు. అరిగిన సన్నటి పొడిని శరీరం శత్రువుగా చూసి దాడి చేసింది. ఆ దాడిలో చుట్టూ ఉన్న ఎముక కూడా దెబ్బతింది.

దాదాపు మూడు వందల మందికి ఆయన ఆ టెఫ్లాన్ కీళ్లు పెట్టారు. ఒకరిద్దరు కాదు. వాళ్లంతా ఆయన్ని నమ్మి బల్ల మీద పడుకున్నవారు. మళ్లీ ఆపరేషన్లు చేసి ఆ గిన్నెలు తీయాల్సి వచ్చింది. ఆ ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడి తన పొరపాటును తన కళ్లతోనే మళ్లీ మళ్లీ చూడడం ఏ డాక్టర్‌కైనా ఎంత భారమో మనం ఊహించుకోవచ్చు. ఆయన దాచలేదు. టెఫ్లాన్ వాడవద్దని తోటి సర్జన్లకు పత్రికాముఖంగా చెప్పారు.

వద్దన్న ముక్కను పరీక్షించిన టెక్నీషియన్

ఈ కథలో నాకు చాలా ఇష్టమైన మనిషి హ్యారీ క్రేవెన్. ఆయన డాక్టర్ కాదు. రైటింగ్‌టన్ ల్యాబ్‌లో పరికరాలు చేసే టెక్నీషియన్. రకరకాల ప్లాస్టిక్‌ల మీద స్టీల్ బంతిని పగలూ రాత్రీ రుద్దుతూ అరుగుదలను కొలిచే మిషన్‌ను ఆయనే తయారు చేశారు.

1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ ఒక కొత్త ప్లాస్టిక్ ముక్క తెచ్చాడు. లాంకషైర్ మిల్లుల్లో మగ్గాలకు పళ్ల చక్రాలు దానితో చేసేవారు. అది పాలిథిన్ కుటుంబానికి చెందినదే. క్యారీ బ్యాగులకు చుట్టం అన్నమాట. కాకపోతే దీనిలో అణువుల గొలుసులు ఎన్నో రెట్లు పొడవు. చార్న్లీ దాన్ని గోటితో నొక్కి చూశారు. మెత్తగా అనిపించింది. ఇది పనికిరాదని పక్కన పెట్టేశారు.

క్రేవెన్ ఆ ముక్కను పారేయలేదు. చార్న్లీ ఊళ్లో లేని సమయంలో దాన్ని తన మిషన్‌లో పెట్టి నడిపారు. మూడు వారాలు ఆపకుండా నడిపినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేంత కూడా అది అరగలేదు. చార్న్లీ తిరిగి రాగానే ఆ ఫలితం చూపించారు.

ఇక్కడ ఇద్దరినీ మెచ్చుకోవాలి. పెద్ద సర్జన్ కాదన్న దాన్ని పరీక్షించే ధైర్యం టెక్నీషియన్‌కు ఉంది. తాను కాదన్నది నిజమని అంకెలు చెబితే ఒప్పుకునే గుణం సర్జన్‌కు ఉంది. ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ముక్క చెత్తబుట్టలోకి పోయేదే.

తొడలో రెండు ప్లాస్టిక్‌లు

మిషన్‌లో అరగలేదు సరే, మనిషి శరీరం ఏమంటుంది? టెఫ్లాన్ విషయంలో దెబ్బతిన్న చార్న్లీ ఈసారి తొందరపడదలచుకోలేదు. టెఫ్లాన్ పొడినీ, కొత్త పాలిథిన్ పొడినీ తన తొడలోకే ఎక్కించుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత చూస్తే టెఫ్లాన్ ఎక్కించిన చోట గడ్డ చేతికి స్పష్టంగా తగులుతోంది. పాలిథిన్ ఉన్న చోట ఏమీ తగలలేదు. ఈ సంగతిని 1963లో లాన్సెట్‌లో రాశారు.

ఆ పాలిథిన్ గిన్నెతో మొదటి ఆపరేషన్ 1962 నవంబరులో జరిగింది. స్టీల్ బంతి, పాలిథిన్ గిన్నె, అక్రిలిక్ సిమెంట్. ఈ మూడింటి కలయికే ఆ తర్వాతి అరవై ఏళ్ల కీళ్ల మార్పిడికి మూలం.

అయితే ఒకమాట. తొమ్మిది నెలల పరీక్ష అన్నీ చెప్పలేదు. పాలిథిన్ కూడా అరుగుతుంది, చాలా నెమ్మదిగా. పది, పదిహేనేళ్లలో పోగయ్యే కంటికి కనపడని పొడి కొందరిలో చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుందని తర్వాతి కాలంలో తేలింది. చార్న్లీకి అన్నీ ముందే తెలిసిపోయాయని చెబితే అది నిజమైన చరిత్ర కాదు. తనకు తెలియనిది ఉంటుందని ఆయనకు తెలుసు. అందుకే తన పేషెంట్లను ఏళ్ల తరబడి పిలిపించి చూసేవారు. మరణానంతరం ఆ కీలును పరీక్షకు ఇవ్వమని కూడా కోరేవారు. చాలామంది ఒప్పుకున్నారు. తమకు నడక తిరిగి ఇచ్చినాయనకు వాళ్లు చెప్పిన కృతజ్ఞత అది.

గాలిని వడగట్టిన గది

ఇక రెండో శత్రువు ఇన్ఫెక్షన్. మొదట్లో వందలో ఏడుగురికి పైగా కీలులో చీము పట్టేది. శరీరంలో పెట్టిన లోహం, ప్లాస్టిక్ ఉపరితలాల మీద సూక్ష్మక్రిములు ఒకసారి తిష్ఠ వేశాయంటే మందులతో వాటిని తరిమేయడం చాలా కష్టం. చాలాసార్లు పెట్టిన కీలునే తీసేయాలి.

చార్న్లీ క్రిములు గాలిలోంచి కూడా వస్తున్నాయని అనుమానించారు. బీరు తయారీ కర్మాగారాలకు గాలిని శుభ్రం చేసే యంత్రాలు చేసిన హోవర్త్ అనే ఇంజినీర్ సాయం తీసుకున్నారు. ఆపరేషన్ థియేటర్ లోపల ఇంకో చిన్న గది కట్టించి, పై నుంచి వడగట్టిన గాలి పేషెంట్ మీదుగా కిందికి వచ్చేలా చేశారు. డాక్టర్ల ఊపిరి కూడా గదిలో కలవకుండా గొట్టాల ద్వారా బయటికి లాగే దుస్తులు తయారు చేయించారు. పనిముట్లను ట్రేలలో క్రమపద్ధతిలో సర్ది, చేతులు మారడం తగ్గించారు. ఇన్ఫెక్షన్ వందలో ఒకరి కంటే తక్కువకు దిగింది. అదీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ మందులు ఇవ్వకుండానే. ఈ రోజు పెద్ద ఆసుపత్రుల్లో ఆర్థోపెడిక్ థియేటర్ పైకప్పు నుంచి వడగట్టిన గాలి దిగుతోందంటే, దాని వెనక ఈ పని ఉంది.

అమ్మకానికి తొందరపడని మనిషి

పాలిథిన్ కీలు గెలిచిందన్న వార్త పాకగానే ప్రపంచం నలుమూలల నుంచి సర్జన్లు అడగడం మొదలుపెట్టారు. చార్న్లీ వెంటనే అందరికీ ఇవ్వలేదు. టెఫ్లాన్ అనుభవం ఆయనకు గుర్తుంది. రైటింగ్‌టన్‌కు వచ్చి పద్ధతి నేర్చుకున్న సర్జన్లకు మాత్రమే తయారీ సంస్థ ఆ కీళ్లను అమ్మాలని షరతు పెట్టారు. కొన్నేళ్లపాటు అలాగే నడిచింది. అందరికీ ఇచ్చి ఉంటే ఎక్కువమంది త్వరగా నడిచేవారు కదా అని అడగొచ్చు. నిజమే. కానీ ఏదైనా తేడా వస్తే నష్టపోయేవారూ అంతే ఎక్కువమంది ఉండేవారు.

ఇంటి సంగతులు కొద్దిగా. పెళ్లి ఆలస్యంగా, 1957లో, నలభై ఆరో ఏట అయింది. భార్య జిల్. ఇద్దరు పిల్లలు. గౌరవాలు కూడా కాస్త ఆలస్యంగానే వచ్చాయి. 1974లో అమెరికాలో ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ అవార్డు ఇచ్చారు. 1975లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. న్యూటన్ అధ్యక్షుడిగా ఉన్న ఆ సంస్థలోకి అడుగుపెట్టిన మొదటి ఎముకల సర్జన్ ఆయనే. 1977లో సర్ బిరుదు వచ్చింది. 1979లో తన ఆపరేషన్ మీద సమగ్రమైన పుస్తకం ప్రచురించారు. 1982 ఆగస్టు 5న, డెబ్బై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన తర్వాత ఉపరితలాల కథ

చార్న్లీ మొదలుపెట్టిన ప్రశ్న ఆయనతో ఆగలేదు. శరీరంలో పెట్టే వస్తువు ఏ పదార్థంతో చేశారన్నది ఎంత ముఖ్యమో, దాని పైపొర ఎలా ఉందన్నదీ అంతే ముఖ్యమని తర్వాతివాళ్లు ఇంకా లోతుగా తెలుసుకున్నారు.

ఇంగ్లండ్‌లోనే ఎక్సెటర్ అనే ఊళ్లో 1970లో సర్జన్ రాబిన్ లింగ్, ఇంజినీర్ క్లైవ్ లీ కలిసి అద్దంలా మెరిసే నున్నటి కాడతో ఒక తుంటి కీలు చేశారు. 1976లో దాని పైపొరను మెరుపు లేకుండా కాస్త గరుకుగా మార్చారు. గరుకైతే సిమెంట్‌ను బాగా పట్టుకుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగింది వేరు. వదులయ్యేవి పెరిగాయి. ఎంత గట్టిగా నిలిపినా కాడ సిమెంట్‌లో కంటికి కనపడనంత కదులుతుంది. గరుకు ఉపరితలం ఎమరీ పేపర్‌లా సిమెంట్‌ను అరగదీసింది. నున్నటి కాడ అయితే చీలిక మేకులా కొద్దిగా కిందికి దిగి మరింత బిగుసుకుంటుంది. 1986లో మళ్లీ నున్నటి కాడకే వచ్చారు. ఆకారం దాదాపు అదే, మారింది పైపొర ఒక్కటే.

సిమెంట్ లేకుండా నేరుగా ఎముకకే అతికించాలంటే మళ్లీ లెక్క మారుతుంది. అప్పుడు గరుకే కావాలి. కాడ మీద సన్నటి రంధ్రాలున్న లోహపు పొర వేస్తే వాటిలోకి ఎముక పెరుగుతుంది. మన ఎముకలకు, పళ్లకు గట్టిదనాన్నిచ్చే కాల్షియం ఖనిజం హైడ్రాక్సీఅపటైట్‌ను లోహం మీద పూతగా వేస్తే, ఎముక దాన్ని పరాయిదిగా చూడకుండా దాని మీదే పెరుగుతుంది. ఆ పూత ఉన్న తుంటి కీలును 1985లో లండన్ సర్జన్ రోనాల్డ్ ఫర్లాంగ్ వాడుకలోకి తెచ్చారు. పాలిథిన్ గిన్నెకు రేడియేషన్ ఇచ్చి అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తే అరుగుదల బాగా తగ్గుతుందని తెలిసింది. 1990ల చివరి నుంచి అలాంటి గిన్నెలు విరివిగా వస్తున్నాయి.

ఏ పూత మంచిదో, ఏది కాదో ఇప్పుడు ఒక్క డాక్టర్ తొడ మీద తేల్చరు. ల్యాబ్ పరీక్షలు, ఎథిక్స్ కమిటీలు ఉన్నాయి. స్వీడన్ 1979 నుంచి, ఇంగ్లండ్, వేల్స్ 2003 నుంచి పెట్టిన తుంటి కీళ్ల లెక్కను దేశవ్యాప్తంగా రాసిపెడుతున్నాయి. ఏ రకం కీలు ఎన్నేళ్లు నిలిచిందో ఆ లెక్కలే చెబుతాయి. తన పేషెంట్లను ఏళ్ల తరబడి వెనక్కి పిలిచిన చార్న్లీ అలవాటే పెద్ద రూపంలో కొనసాగుతోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఆపరేషన్ అయి ఉంటే, లేదా జరగబోతుంటే, పెట్టిన ఇంప్లాంట్ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ లేదా కార్డు అడిగి తీసుకుని భద్రపరచండి. రేపు ఏదైనా పరీక్ష అవసరమైతే డాక్టర్‌కు అది చాలా ఉపయోగపడుతుంది. నొప్పి లేకపోయినా డాక్టర్ చెప్పిన తేదీలకు చెకప్‌కు తీసుకువెళ్లండి. అరుగుదల మొదట్లో నొప్పి పుట్టించదు, ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది.

పిల్లలతో కలిసి చేయండి

ఒక పాత రబ్బరు, ఒక స్టీలు చెంచా, ఒక ప్లాస్టిక్ మూత తీసుకోండి. వాటిని ఫ్లోర్ టైల్ మీద, చెక్క పలక మీద, ఎమరీ పేపర్ మీద ఒక్కొక్కటిగా పెట్టి, ఆ ఉపరితలాన్ని ఒకవైపు నెమ్మదిగా పైకెత్తండి. ఏది ఎంత ఎత్తుకు జారిందో స్కేలుతో కొలిచి పిల్లల చేత పట్టికగా రాయించండి. తర్వాత రబ్బరును ఎమరీ పేపర్ మీద ఇరవై సార్లు రుద్ది, రాలిన పొడిని తెల్ల కాగితం మీద చూపించండి. అలాగే మూతను కూడా. ఏది జారింది, ఏది అరిగింది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని పిల్లలకు తెలుస్తుంది. చార్న్లీకి ఆ తేడా తెలియడానికి మూడు వందల టెఫ్లాన్ కీళ్లు పట్టాయి.

పట్టికలో ఏదైనా అంకె తాము అనుకున్నట్టు రాకపోతే పిల్లలు దాన్ని కొట్టేసి, అనుకున్న అంకె రాయాలని చూస్తారు. క్లాసులో నేను రోజూ చూసేదే ఇది. మార్కులు పోతాయన్న భయం. దయచేసి దాన్ని కొట్టేయనివ్వకండి. వచ్చిన అంకెనే రాయించి, ఎందుకలా వచ్చిందో పక్కన ఒక వాక్యం రాయమనండి. ఆ కాగితాన్ని సైన్స్ నోట్‌బుక్‌లో పెట్టి పంపితే క్లాసులో అందరం కలిసి చూస్తాం.